అమ్మిన రోజున ఆ సంగతి దాచారా? వీఆర్ హెడ్‌సెట్ కేసు తేలేది అక్కడే

ప్రశ్న: మా నాన్నగారికి పిన్‌బాల్ (వాలు బల్ల మీద మీటలతో గోళీని కొట్టే ఆట) అంటే ప్రాణం. పదవీ విరమణ చేసి ఇంటికే పరిమితమయ్యాక, ఆయన కోసం కంప్యూటర్‌కు తగిలించి కళ్లకు పెట్టుకునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌ను 2024 మే 18న ఆన్‌లైన్‌లో కొన్నాను. నిజమైన బల్ల ముందు వంగి ఆడుతున్నట్టే ఉందని మురిసిపోయేవారు. 2025 ఫిబ్రవరిలో విండోస్ అప్‌డేట్ అయింది. మర్నాటి నుంచి కంప్యూటర్ హెడ్‌సెట్‌ను గుర్తించడమే లేదు. అమ్మకందారు ‘పరిశీలిస్తున్నాం’ అంటూ మెయిళ్లతో కాలం గడుపుతున్నాడు. కొనే ముందు చాట్‌లో అడిగితే విండోస్ 11లో ఎన్నేళ్లయినా ఇబ్బంది ఉండదన్నాడు. ఆ చాట్ ఉన్న ఫోను ఇప్పుడు వాడటం లేదు, అట్టపెట్టె పారేశాం. వారంటీ కాలంలోనే తెర పాడైందని రాసి, తెలిసిన రిపేరు షాపు నుంచి పాత తేదీతో చీటీ తెచ్చుకోమని ఒక మిత్రుడు చెబుతున్నాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద కూడా కేసు వేయవచ్చా? హెడ్‌సెట్‌లో ఆడుకోవడానికి కొన్న డిజిటల్ పిన్‌బాల్ టేబుళ్ల డబ్బు, నాన్నగారి మనోవేదనకు పరిహారం వస్తాయా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మీ నాన్నగారి గురించే ఉంది. మీ కేసును తేల్చేవి మాత్రం మీరు యథాలాపంగా రాసిన రెండు సంగతులు: బిల్లు తేదీ, చాట్‌లో అమ్మకందారు ఇచ్చిన జవాబు.

మీ హెడ్‌సెట్ విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే వ్యవస్థ మీద నడిచే రకమని మీరు జతచేసిన ఫొటోను బట్టి తెలుస్తోంది. ఆ వ్యవస్థను ఉపసంహరిస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబర్‌లోనే బహిరంగంగా ప్రకటించింది. 2024 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి దాన్ని పూర్తిగా తీసేసింది. మీ హెడ్‌సెట్ చెడిపోలేదు, దానికి ఆధారమైన సాఫ్ట్‌వేర్ పోయింది. మీరు కొన్నది ఆ ప్రకటన వచ్చిన ఐదు నెలలకు. 2023 నవంబర్‌లో కొని ఉంటే మీకు నేను ఇంత ధైర్యంగా సలహా ఇచ్చేవాడిని కాదు. ప్రకటన తర్వాత కూడా ఆ సంగతి చెప్పకుండా, అడిగితే ఇబ్బంది ఉండదని నమ్మించి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. వస్తువు గురించి తెలుసుకొనే హక్కును వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీకిచ్చింది. వ్యాపార ప్రకటనలో ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడాన్ని అదే చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనగా నిర్వచించింది.

‘అప్‌డేట్ చేసుకున్నది మీరే కదా’ అని వాళ్లు తప్పకుండా అంటారు. పాత వెర్షన్ 23హెచ్2లోనే ఉండిపోతే హెడ్‌సెట్ పనిచేసేది, నిజమే. కానీ ఇళ్లలో వాడే విండోస్‌లో 23హెచ్2కు భద్రతా అప్‌డేట్లు 2025 నవంబర్‌లో ఆగిపోయాయి. రక్షణ లేని కంప్యూటర్ వాడుకోమనడం జవాబు కాదని గట్టిగా వాదించవచ్చు.

ఇప్పుడు గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంఘటన) పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. హెడ్‌సెట్ ఆగిపోయిన 2025 ఫిబ్రవరి నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు. మోసం జరిగిందంటున్నది అమ్మిన రోజునే కాబట్టి 2024 మే 18 నుంచి లెక్కించాలని అవతలి వకీలు వాదిస్తాడు. ఆ వాదనకు అవకాశమే ఇవ్వకండి. 2026 మే 17 దాటకుండా దాఖలు చేయండి. దాటిపోతే ఫిబ్రవరి లెక్కను ఆశ్రయిస్తూ, జాప్యాన్ని మన్నించమని కారణాలతో విడిగా దరఖాస్తు పెట్టాలి. అది వినియోగదారుల కమిషన్ విచక్షణ, మీ హక్కు కాదు. ‘పరిశీలిస్తున్నాం’ అన్న మెయిళ్లను చూసుకుని కూర్చోవడం మీరు చేసిన పెద్ద పొరపాటు. ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నంత మాత్రాన గడువు ఆగదు. ఆన్‌లైన్ వేదికలోని ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో రసీదు ఇచ్చి, నెలలోపు పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఆ నెల దాటిన రోజే మీరు కదలాల్సింది.

అట్టపెట్టె పారేయడం కూడా నిర్లక్ష్యమే. దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ విండోస్ కావాలన్న వివరం దాని మీదే ఉంటాయి. పోయినదాని గురించి బాధపడే సమయం లేదు. ఈ రోజే ఆ పాత ఫోను వెతికి ఛార్జింగ్ పెట్టండి. చాట్‌ను తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి, పూర్తి సంభాషణను ఎగుమతి చేసి భద్రపరచండి, ఫోను ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి. అమ్మకపు పేజీ పాత రూపం ఇంటర్నెట్ ఆర్కైవ్ (పాత వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు)లో దొరుకుతుందేమో చూడండి. వీటన్నిటికీ భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే ధ్రువపత్రం జతచేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాలను అంత కఠినంగా పాటించకపోయినా, స్క్రీన్‌షాట్ కల్పితమని ఎవరూ అనకుండా అది కాపాడుతుంది.

ఇక మీ మిత్రుడి సలహా. ఆ చీటీ జోలికి వెళ్లకండి. కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణే. దొంగ సాక్ష్యం సృష్టించి అక్కడ వాడటం భారతీయ న్యాయ సంహిత కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం. చీటీ రాసిచ్చిన షాపు యజమాని కూడా చిక్కుకుంటాడు. అంతకుమించి, చేతిలో ఉన్న మంచి కేసును మీరే చంపుకుంటారు. తెర పాడైందని మీరంటే కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపించగలదు. తెర బాగుందని నివేదిక వస్తుంది. ఆపైన చాట్ గురించి మీరు ఎంత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. హెడ్‌సెట్‌ను విప్పకండి, ఎవరి చేతా విప్పించకండి.

సాఫ్ట్‌వేర్ కంపెనీ మైక్రోసాఫ్ట్‌ను ప్రతివాదిగా చేర్చవద్దు. అది ఏం చేయబోతోందో ముందే లోకానికి చెప్పింది. ఆ ప్రకటనే మీకు అత్యంత బలమైన పత్రం. అమ్మకందారు, ఆన్‌లైన్ వేదిక, దిగుమతిదారు, ఈ ముగ్గురినీ చేర్చండి. దిగుమతిదారు వివరాలు ఇవ్వమని నోటీసులోనే అమ్మకందారును అడగండి. నోటీసు తప్పనిసరి కాదు. పదిహేను రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి పంపండి, గడువు దగ్గరపడితే దానికోసం ఆగకండి. సెటిల్‌మెంట్ అంటూ కూపన్ ఇవ్వజూపితే ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న మాటకు ఒప్పుకోకండి.

మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు కాబట్టి ఫీజు లేదు. ధర వాపసు, దానిపై వడ్డీ, పరిహారం, ఖర్చులు అడగండి. నాన్నగారి మనోవేదన గురించి ఆయన పేరిట ఒక్క పేజీ అఫిడవిట్ చాలు. టేబుళ్ల డబ్బు మాత్రం అడగకండి. మీరు కొన్నది ఆడుకునే లైసెన్సు, ఆ టేబుళ్లు మామూలు తెర మీద ఇప్పటికీ ఆడుతున్నాయి. ఆ అంకె చేర్చితే మిగతా లెక్క మీద కూడా అనుమానం వస్తుంది.

ఒక డెవలపర్ సొంతంగా ఇలాంటి హెడ్‌సెట్ల కోసం ఉచిత డ్రైవర్ (కంప్యూటర్ హెడ్‌సెట్‌ను గుర్తించి నడిపేలా చేసే సాఫ్ట్‌వేర్) తయారు చేశారు. 2025లో విడుదలైనప్పుడు అది ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులున్న కంప్యూటర్లలోనే పనిచేసేది. మీది ఆ కార్డే అయితే ప్రయత్నించవచ్చు. అయితే ముందుగా విండోస్ వెర్షన్, హెడ్‌సెట్ సీరియల్ నంబరు, కంప్యూటర్ దాన్ని గుర్తించకపోవడం ఒకే వీడియోలో ఆపకుండా చిత్రీకరించి పెట్టుకోండి. డ్రైవర్‌తో పనిచేస్తే ఆ సంగతి ఫిర్యాదులో దాచకండి. అప్పుడు ధర మొత్తం వాపసు అడిగే బదులు, తగ్గిన విలువకు, పోయిన నెలలకు పరిహారం కోరుతూ అభ్యర్థనను మార్చి రాయించండి.