స్కూలుకు రంగులేసిన కంపెనీని బోరు నీళ్ల సంగతి అడగొచ్చా?

కంపెనీల సామాజిక బాధ్యత, అందరూ సీఎస్ఆర్ అంటున్నారే, దాని మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు ఉన్న ఒక వ్యాపార గ్రూపులో రిటైరయ్యేదాకా నేను చేసిన పని అదే కాబట్టి సంపాదకులు వాటిని నాకు పంపారు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. తక్కినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాది పటాన్‌చెరు అవతల, సంగారెడ్డి జిల్లాలో ఒక ఊరు. నేను వార్డు మెంబరును. మా పొలిమేరలో ఒక పెద్ద గ్రూపు వాళ్ల కెమికల్ ఫ్యాక్టరీ ఉంది. వాళ్లకు సిమెంటు, కరెంటు, హోటళ్లు, సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నాయి. మా స్కూలుకు రంగులు వేయించారు, ఆర్వో ప్లాంటు పెట్టారు. కానీ ఫ్యాక్టరీ వైపు బోర్లలో నీళ్లు పచ్చగా, వాసనతో వస్తున్నాయి. అడగబోతే ‘మీ ఊరికి ఇంత చేశాం, ఇంకేం కావాలి’ అంటున్నారు. గొడవ పడితే ఉన్న ప్లాంటు కూడా పీకేస్తారని పెద్దమనుషులు భయపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అడగండి తమ్ముడూ. స్కూలు రంగుల ఖాతా వేరు, బోరు నీళ్ల ఖాతా వేరు. ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు, రూల్సే అలా ఉన్నాయి. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ కింద, 2014 ఏప్రిల్ 1 నుంచి, పెద్ద కంపెనీలు లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఏ ఖర్చు ఈ పద్దులోకి రాదో కూడా నిబంధనల్లో రాశారు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనికి పెట్టిన డబ్బు సీఎస్ఆర్ కిందికి రాదు. వ్యర్థ జలాలను శుద్ధి చేయడం 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం కింద ఫ్యాక్టరీ మీద ఉన్న బాధ్యత. ఆ షరతుకు ఒప్పుకునే వాళ్లు గేటు తెరిచారు. స్కూలుకు రంగులేశాం కదా అని దాన్ని మాఫీ చేయించుకునే వీలు ఏ రూల్లోనూ లేదు.

ప్లాంటు పీకేస్తారన్న భయం సంగతి. 2021 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారం సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. పంచాయతీలాంటి ప్రభుత్వ సంస్థ పేరునో, స్వయం సహాయక సంఘంలాంటి లబ్ధిదారుల సంఘం పేరునో, రిజిస్టరైన ట్రస్టు లేదా సొసైటీ పేరునో ఉండాలి. మీ ప్లాంటుకు అప్పగింత కాగితం ఎవరి పేరున ఉందో రేపే పంచాయతీ ఆఫీసులో చూడండి. లేకపోతే రాయించుకోండి. ఆ కాగితం చేతికొస్తే ఊళ్లో సగం భయం పోతుంది.

ఆ ప్లాంటు గురించే ఇంకో మాట. నీళ్ల మీద ఎవరైనా నోరెత్తగానే కంపెనీ మనిషి జేబులోంచి పెన్నులాంటి మీటరు తీసి గ్లాసులో ముంచడం నేను చాలా ఊళ్లలో చూశాను. చిన్న అంకె వస్తుంది, ‘చూడండి, మా ఇంట్లో కూడా ఇంత మంచి నీళ్లు లేవు’ అంటాడు. జనం చల్లబడతారు. ఆ మీటరు చూపించేది టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు. అదీ ఆ నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతోందో చూసి వేసే అంచనా. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం అది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. కెమికల్ ఫ్యాక్టరీ పక్కన అసలు భయం సాల్వెంట్లతో, సీసం, ఆర్సెనిక్ లాంటి వాటితో. అవి ఉన్నాయో లేవో ఆ పెన్ను చెప్పలేదు. పైగా ఆయన ముంచింది ప్లాంటు నీళ్లలో. మీ పశువులు తాగేవీ, మడికి పారేవీ, అంట్లు తోమేవీ బోరు నీళ్లే కదా.

కాబట్టి పరీక్ష చేయించాల్సింది బోరు నీళ్లకు. పంచాయతీ తీర్మానం చేసి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ‘నీళ్లు పాడయ్యాయి’ అని ఒక్క ముక్క రాస్తే ఫైల్లో పడిపోతుంది. ఏ బోరు, ఎవరి పొలంలోది, ఫ్యాక్టరీ గోడకు ఎంత దూరం, రంగు ఎప్పటి నుంచి మారింది, వానల తర్వాత వాసన పెరుగుతోందా, ఇవన్నీ రాయండి. శాంపిల్ తీసేటప్పుడు ఊరివాళ్లు పక్కనే ఉండండి, రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. ఫ్యాక్టరీ నడపడానికి మండలి ఇచ్చిన అనుమతి పత్రం, అందులోని షరతులు సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పర్యావరణ అనుమతి తీసుకున్న ఫ్యాక్టరీ అయితే షరతులు ఎలా అమలు చేస్తున్నారో ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి. పర్యావరణ అనుమతులపై 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం అవి జనం చూడదగ్గ పత్రాలే. మీ ప్రాంతపు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ కాలుష్యం పారిన నక్కవాగు పేరు తెలియని పర్యావరణ లాయరు ఉండరు. కాగితాలు భద్రంగా పెట్టుకున్న ఊళ్ల మాటకే బలం ఉంటుంది.

మీ ఉత్తరంలో మీరు అడగని ప్రశ్న ఇంకొకటుంది. గ్రూపు అనేది మనం పిలుచుకునే పేరు. చట్టం చూసేది ఒక్కో కంపెనీని. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కదాన్ని అందుకున్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సిమెంటు కంపెనీకి సగటున 100 కోట్ల లాభముంటే 2 కోట్లు. మీ ఊరి కెమికల్ కంపెనీ విడి కంపెనీ అయి, నష్టాల్లో ఉంటే సున్నా. వాసనా, ట్యాంకర్లూ మీకు. 2 శాతం ఇంకెక్కడో, చాలాసార్లు హెడ్డాఫీసు ఉన్న హైదరాబాద్‌లో. పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది గానీ, అది తప్పనిసరి కాదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో వివరణ ఇచ్చింది.

నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. అన్ని కంపెనీల సీఎస్ఆర్ డబ్బూ ఒకే ఫౌండేషన్ ద్వారా నడిపే గ్రూపులు ఉన్నాయి. వాళ్లు తలుచుకుంటే లాభం ఎక్కడ వచ్చిందో పక్కనబెట్టి, ఇబ్బంది ఎక్కడ పడుతున్నారో అక్కడ ముందు ఖర్చు పెట్టొచ్చు. చట్టం అడ్డు రాదు. మా గ్రూపులో ఈ మాట కమిటీ ముందు పెట్టినప్పుడు మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఫ్యాక్టరీలున్న చోట ఎర్ర చుక్కలు, మా ప్రాజెక్టులున్న చోట ఆకుపచ్చ చుక్కలు పెట్టిన మ్యాపు గోడకు తగిలించాం. ఆకుపచ్చవన్నీ బంజారాహిల్స్ చుట్టూ గుంపుగా ఉన్నాయి. అది చూశాకే డైరెక్టర్లు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. మీరూ కంపెనీ వాళ్లను అదే అడగండి: మీ గ్రూపు మొత్తం ఖర్చులో మా మండలానికి ఎంత వచ్చింది? ఏ ప్రాజెక్టులకు బోర్డు ఆమోదం ఇచ్చిందో కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టాలన్నది నిబంధన.

స్కూలు రంగులకు థాంక్స్ చెప్పండి, పిల్లలకు మంచే జరిగింది. అదే మీటింగ్‌లో బోరు నీళ్ల సీసా బల్ల మీద పెట్టండి.

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక కంపెనీ సీఎస్ఆర్ విభాగంలో కొత్తగా చేరాను. ఫిబ్రవరి వస్తే చాలు, టెన్షన్. డబ్బు మిగిలింది, మార్చి 31లోపు ఖర్చు చేసేయాలని పైనుంచి ఒత్తిడి. స్కూలు బ్యాగులు కొని పంచేస్తున్నాం. ‘పరీక్షలప్పుడు బ్యాగులెందుకమ్మా’ అని ఒక హెడ్మాస్టరు అడిగితే తల ఎత్తుకోలేకపోయాను. వేరే దారి లేదా?

జవాబు: ఉందమ్మా, చట్టంలోనే ఉంది. ఏళ్ల తరబడి నడిచే ప్రాజెక్టుగా బోర్డు ఆమోదించిన పనిలో డబ్బు మిగిలితే, ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో దాన్ని ప్రత్యేక బ్యాంకు ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టుకోవచ్చు. అలాంటి ప్రాజెక్టు లేకపోతే ఆరు నెలల్లో, అంటే సెప్టెంబరు 30లోపు, కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో చెప్పిన, ప్రధానమంత్రి సహాయ నిధిలాంటి నిధులకు పంపాలి. ఈ రెండూ చేయకపోతేనే జరిమానా. మిగిలిన మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది. మీ పైవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. కానీ దానికి మందు ఏప్రిల్‌లో వేసుకునే ప్రణాళికలో ఉంది.

ప్రణాళిక అన్నాను కాబట్టి మేడ్చల్ వైపు నేను చూసిన ఒక ప్రభుత్వ బడి గురించి చెప్పాలి. కొత్త మరుగుదొడ్లు, నీలం టైల్స్, తలుపు మీద ఏదో కంపెనీ లోగో, ఆ తలుపుకు తాళం. తాళంచెవి హెడ్మిస్ట్రెస్ గారి టేబుల్ సొరుగులో ఉంది. ‘కడిగే మనిషి లేదు మేడమ్. రెండు రోజులు తెరిస్తే మూడో రోజు కాలు పెట్టలేం’ అన్నారావిడ. పైన ట్యాంకుంది, మోటారుంది. మోటారు కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలలేదు. ఆడపిల్లలు స్కూల్లో ఉన్నంతసేపూ నీళ్లు తాగడమే మానేశారు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలు సాయంత్రం నిండుగానే తిరిగెళ్లేవి. కంపెనీ రిపోర్టులో మాత్రం ‘ఇన్ని మరుగుదొడ్లు పూర్తి’ అని ఉంటుంది, అబద్ధం కూడా కాదు. కట్టుబడి ఖర్చుతో పాటు మూడేళ్లకు ఒక ఆయా జీతం, ఫినాయిల్, కరెంటు బిల్లు కూడా అదే ప్రాజెక్టులో రాసుకుంటే అది ఏళ్లపాటు నడిచే ప్రాజెక్టే అవుతుంది. మీ మార్చి టెన్షనూ తగ్గుతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సునే చూడండి. అప్పటికి ఈ 2 శాతం చట్టమే లేదు. ప్రైవేటు డబ్బుతో పుట్టింది. నడిపే ఖర్చు ప్రభుత్వం భుజానికెత్తుకుంది కాబట్టి నిలబడింది. మొదటి మీటింగ్‌లోనే ‘నాలుగో ఏడు దీన్ని ఎవరు నడుపుతారు’ అని అడిగే మనిషి మీరు కండి.

ప్రశ్న: ఉప్పల్‌లో వినికిడి లోపమున్న పిల్లల కోసం చిన్న సంస్థ నడుపుతున్నాం. ఒక కంపెనీని సాయం అడిగితే ‘జీతాలకు 5 శాతం మించి ఇవ్వకూడదు’ అన్నారు. టీచర్లు లేకుండా మేం ఏం నడపాలి?

జవాబు: వాళ్లు పొరబడ్డారు. 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే పాలనా ఖర్చుకు. పిల్లలకు పాఠం చెప్పే టీచరు జీతం ప్రాజెక్టు ఖర్చు. ఇదే మాట వాళ్ల ఫైనాన్స్ వాళ్లకు రాసివ్వండి. మీకు కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. అవి సిద్ధంగా పెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: బ్యాంకులో చేసి రిటైరయ్యాను, తార్నాకలో ఉంటాను. ఒక గ్రూపు కంపెనీలో కొన్ని షేర్లున్నాయి. వార్షిక నివేదిక నిండా మొక్కలు నాటుతున్న ఫోటోలే. నిజం తెలియాలంటే ఏ పేజీ చూడాలి?

జవాబు: ఫోటోలు దాటి బీఆర్ఎస్ఆర్ అనే భాగానికి, అంటే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికకు వెళ్లండి సార్. స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయినవాటిలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి దాన్ని తప్పనిసరిగా ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది. వాడిన నీళ్లు, వ్యర్థాలు, పనిలో ప్రమాదాలు, పర్మినెంటు కానివాళ్లతో సహా కార్మికుల వివరాలు, చుట్టుపక్కల జనం ఇచ్చిన ఫిర్యాదులు, కట్టిన జరిమానాలు అందులో ఉంటాయి. చాలా పట్టికల్లో రెండేళ్ల అంకెలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పోల్చడం మీకు కష్టం కాదు.

మొదట్లోనే ఒక వరుస ఉంటుంది, దాన్ని వదలొద్దు: ఈ వివరాలు ఈ ఒక్క కంపెనీవా, అనుబంధ సంస్థలవి కూడా కలిపా? ఒక్క కంపెనీవే అయితే, పొగా మురుగూ వచ్చే ఫ్యాక్టరీ అనుబంధ సంస్థ పేరున ఉన్న గ్రూపు చాలా పచ్చగా కనిపిస్తుంది.

ఇంకొకటి, ఎంత దానం చేశారన్న దానికంటే వ్యాపారం ఎలా చేస్తున్నారో చూడండి. భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ కాగితం మిల్లుకు రైతులు తమ పొలాల్లో సుబాబుల్, జామాయిల్ పెంచి అమ్ముతున్నారు. అక్కడ చెట్టు పెరిగితేనే మిల్లు నడుస్తుంది, రైతుకు డబ్బొస్తుంది. అలాంటి చోట నేను చూసేది రైతుకు ఏ ధర ఇస్తున్నారు, ఎన్నాళ్లలో చెల్లిస్తున్నారు అని. ఫోటో కోసం నాటిన వంద మొక్కల కంటే ఈ రెండు అంకెలు నాకు ఎక్కువ చెబుతాయి.

ఏజీఎం, అంటే వాటాదారుల వార్షిక సమావేశం నోటీసు వచ్చినప్పుడు అందులో స్పీకర్‌గా పేరు నమోదు చేసుకునే గడువు ఉంటుంది. మీకున్నవి పది షేర్లయినా అడిగే హక్కుంది. అనుబంధ సంస్థల కాలుష్యం, జరిమానాల వివరాలు నివేదికలో ఎందుకు కలపలేదో ఛైర్మన్‌ని అడగండి.