డబ్బా మీద రంగు లేదు, ఎట్ల?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉన్నాను. పెరట్లో టమాటాకు పురుగు పట్టింది. ఇక్కడి మందు డబ్బా మీద మన దగ్గరలా రంగు త్రికోణం లేదు. ఎంత విషమో ఎట్ల తెలుస్తుంది?

జవాబు: అక్కడ రంగుకు బదులు మాట ఉంటుందమ్మా. ‘కాషన్’ తక్కువ విషం, ‘వార్నింగ్’ మధ్యరకం, ‘డేంజర్’ అన్నిటికన్నా ఎక్కువ. లేబుల్‌లో టమాటా పేరు లేకుంటే కొట్టొద్దు, అక్కడ అది చట్టవిరుద్ధం. కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో కూడా అందులోనే ఉంటుంది. అబ్బాయితో చదివించుకోండి. ‘కాషన్’ అని ఉన్నా గ్లౌజులు మానొద్దు. సాగర్ కాలువ కింద మా నాన్న మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు వట్టి చేత్తో కలిపేవారు. సాయంత్రం చాయ్ గ్లాసు పట్టుకుంటే వేళ్లు వణికేవి. మిగిలిన మందు నీళ్ల సీసాలో అస్సలు పోయొద్దు, మనవలున్న ఇల్లు.