8, 9 తరగతుల పిల్లలకు ఇంగ్లీషు గ్రామర్, రీడింగ్ పరీక్ష ఎలా పెడితే అసలు సంగతి బయటపడుతుంది?

మీ ప్రశ్న ఇది: జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నారు. పాఠంలోంచి ప్రశ్నలిస్తే ముప్పాతిక మంది బాగానే రాస్తారు, చూడని పేరా ఇస్తే చేతులెత్తేస్తారు. గ్రామర్ బిట్లలో పదికి ఎనిమిది తెచ్చుకున్నవాళ్లు కూడా నాలుగు వాక్యాలు సొంతంగా రాయలేకపోతున్నారు. పేపర్ ఎలా తయారుచేయాలి?

ముందు ఒక మాట. పిల్లల్లో లోపం ఎంతుందో గానీ, పేపర్లో ఉన్న లోపం మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. పాఠంలోంచి అడిగే ప్రశ్న జ్ఞాపకశక్తిని కొలుస్తుంది. చూడని పేరా ఇచ్చి ఇంగ్లీషులో జవాబు రాయమంటే చదవడం, రాయడం, స్పెల్లింగ్ మూడూ కలిసిపోతాయి. సున్నా వచ్చినప్పుడు ఆ సున్నా దేనికి వచ్చిందో చెప్పలేం. అందుకే ఒక మార్కు ఒక్క నైపుణ్యానికే ఉండాలి. కింద చెప్పేదంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

రాత పరీక్ష కంటే ముందు నోటితో చదివించండి. 100 పదాల పేరా, ఆ తరగతి కంటే ఒకటి రెండు తరగతులు తక్కువ స్థాయిది, ఒక్కొక్కరిని పక్కకు పిలిచి ఒక్క నిమిషం చదివించాలి. మీ చేతిలో ఇంకో కాపీ ఉంచుకుని తప్పు చదివిన పదం మీద గీత కొట్టండి, నిమిషం ముగిసిన చోట అడ్డగీత పెట్టండి. చదివిన పదాల్లోంచి తప్పులు తీసేస్తే నిమిషానికి ఎన్ని పదాలో వస్తుంది. మనిషికి రెండు నిమిషాల చొప్పున 40 మందికి 80 నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. నేను పెట్టుకున్న గీత 60 పదాలు. అంతకంటే నెమ్మదిగా చదివేవాళ్లు అక్షరాలు కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. వాళ్లకు కాంప్రహెన్షన్ పేపర్ ఇచ్చి లాభం లేదు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు స్థాయి చూసే అసర్ సర్వేలో ఇంగ్లీషుకు వాడే మెట్లు ఉన్నాయి కదా, పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న చిన్న పదాలు, తేలిక వాక్యాలు, వాళ్లను ఆ మెట్ల మీద ఎక్కడున్నారో చూసి అక్కడి నుంచి ఎత్తుకోవాలి. హైస్కూల్లో ఇదేమిటని నామోషీ పడొద్దు. రెండో రకం పిల్లలూ దొరుకుతారు: గడగడా చదివేస్తారు, ఏం చదివావంటే నోరు తెరవరు. వీళ్లకే అసలు రీడింగ్ పరీక్ష కావాలి.

పేరా ఎంపిక దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఎనిమిదో తరగతికి 150 నుంచి 200 పదాలు చాలు. సీబీఎస్ఈ పదో తరగతి పేపర్లో 80 మార్కుల్లో 20 చూడని పేరాలకే ఉంటాయి, గ్రామర్‌కు 10. అక్కడి పొడవు చూసి ఎనిమిదిలోనే 400 పదాలు ఇస్తే సగం మంది మూడో పేరా ముట్టుకోరు. పొడవు కంటే ముఖ్యం తెలియని పదాల లెక్క. పక్క సెక్షన్లో మధ్యరకంగా చదివే ముగ్గురికి పేరా ఇచ్చి తెలియని పదాల కింద గీత గీయమనండి. 100 పదాల్లో 5 కంటే ఎక్కువ తేలితే ఆ పేరా పక్కన పెట్టండి, లేదా ఆ పదాలు మార్చండి. ఆ హద్దు దాటితే సందర్భాన్ని బట్టి అర్థం ఊహించడం కుదరదు, అప్పుడది పదజాలం పరీక్ష అయిపోతుంది. విషయం పిల్లలకు మరీ తెలిసినదీ కాకూడదు. గాంధీ గురించి పేరా ఇచ్చి ఆయన ఎక్కడ పుట్టాడని అడిగితే పేరా చదవకుండానే రాసేస్తారు.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిట్కా. ప్రశ్నలు మాత్రమే, పేరా లేకుండా, వేరే సెక్షన్లో పది మందికి ఇవ్వండి. నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు గుడ్డిగా పెట్టినా నాలుగోవంతు మందికి తగులుతుంది. పదిమందిలో ఆరేడుగురు సరిగ్గా పెట్టారంటే ఆ ప్రశ్నకు పేరాతో పనిలేదన్నమాట. తీసేయండి.

ఇక ప్రశ్నలు. ఈ వాక్యం చూడండి: "నిన్న గిరసలో ఒక డోమిక లింకరించింది." డోమిక ఎక్కడ లింకరించింది? "గిరసలో" అని ఠక్కున చెప్పేశారు కదా. డోమిక అంటే ఏమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మన కాంప్రహెన్షన్ ప్రశ్నల్లో చాలావరకు ఈ జాతివే. ప్రశ్నలో ఉన్న పదాన్ని పేరాలో వెతికి, ఆ వాక్యం మొత్తం ఎత్తి రాసేస్తే మార్కు వచ్చేస్తుంది. కాబట్టి ప్రశ్నలో పేరా మాటలు వాడకండి. పేరాలో "వాళ్ల బావి ఎండిపోయింది" అనే అర్థంలో ఉంటే, ప్రశ్నలో "ఆ ఇంటికి నీళ్ల ఇబ్బంది ఎందుకు వచ్చింది" అనే అర్థంలో అడగాలి.

తెలుగు పిల్లలకు ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడ కాలు జారుతుందో తెలిస్తే ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. మూడు చోట్లు చెబుతాను.

ఒకటి, "నిన్న వచ్చిన అబ్బాయి" అన్నట్టు మన భాషలో విశేషణం పేరుకు ముందొస్తుంది. ఇంగ్లీషులో "హూ", "విచ్" తగిలించి పేరు తర్వాత వస్తుంది, అసలు క్రియ దూరంగా పడిపోతుంది. "ద మ్యాన్ హూ సోల్డ్ ద కౌ టు రామయ్య బాట్ ఎ న్యూ సైకిల్" అని ఇచ్చి సైకిల్ ఎవరు కొన్నారని అడగండి. "రామయ్య" అని రాసినవాళ్లంతా "రామయ్య బాట్" అనే పక్కపక్క మాటలు చూసి రాసినవాళ్లే. వాక్య నిర్మాణం అర్థమైందా లేదా అన్నది ఈ ఒక్క ప్రశ్నే తేల్చేస్తుంది.

రెండోది సర్వనామాలు. తెలుగులో కర్తను వదిలేసినా క్రియ చెప్పేస్తుంది. ఇంగ్లీషు పేరాలో "ఇట్", "దే", "దిస్" ఎవరిని చూపిస్తున్నాయో వెనక్కి వెళ్లి పట్టుకోవాలి. పేరాలో రెండు సర్వనామాల కింద గీత గీసి, అది ఎవరు లేదా ఏది అని అడగండి. ఒక్క పదం జవాబు, దిద్దడం సులువు.

మూడోది "అన్‌లెస్", "ఆల్దో" లాంటి మాటలు. మనం వీటి పని "-కపోతే", "-నా" అని క్రియకు తోకగా తగిలించి చేస్తాం. "అన్‌లెస్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ బి హెల్డ్" అని ఉంటే, వాన పడితే ఆట ఉంటుందా, ఉండదా? సగం క్లాసు "ఉంటుంది" అంటే ఆశ్చర్యపోకండి.

ఎనిమిది ప్రశ్నల్లో రెండు పేరాలో నేరుగా ఉన్న సమాచారం మీద, నాలుగు పైన చెప్పిన రకాలు, ఒకటి సందర్భాన్ని బట్టి పదం అర్థం, ఒకటి పేరా మొత్తం దేని గురించి అన్నది. ఇది 20 నిమిషాల పని. ట్రూ ఆర్ ఫాల్స్ పెట్టాలనుకుంటే ఉత్తిగా పెట్టకండి, బొమ్మా బొరుసూ వేసినా సగం మార్కులొస్తాయి. ఏ లైను చూసి అలా అనుకున్నారో ఆ లైను నంబరు రాయమనండి, రెండూ సరైతేనే మార్కు.

చాలామంది ఒప్పుకోని మాట ఒకటి: రీడింగ్ పరీక్షలో జవాబు తెలుగులో రాయనివ్వండి. చదివి అర్థమైందా అన్నదే మనం కొలుస్తున్నది. తెలుగులో రాస్తే పేరాలోంచి ఎత్తి రాసే వీలే ఉండదు, అర్థం కానిదే ఒక్క ముక్క కూడా రాయలేరు. నిజానికి ఇంగ్లీషు జవాబు కంటే ఇదే కష్టం. ఇంగ్లీషులోనే రాయాలని స్కూల్లో పట్టుబడితే, కనీసం ఈ విభాగంలో స్పెల్లింగ్‌కు, గ్రామర్‌కు మార్కులు కోయకండి.

పేరా కష్టమా తేలికా అన్నది ముందే తెలుసుకోవాలంటే క్లోజ్ పరీక్ష ఉంది, అంటే పేరాలో పదాలు తీసేసి ఆ ఖాళీలు నింపించడం. విల్సన్ టేలర్ 1953లో ప్రతిపాదించింది. 230 పదాల పేరాలో మొదటి వాక్యం అలాగే ఉంచి, అక్కడి నుంచి ప్రతి ఏడో పదం తీసేసి ఒకే పొడవు ఖాళీలు పెట్టండి, దాదాపు 30 వస్తాయి. తీసేసిన పదమే రాస్తే మార్కు అనే లెక్కన 40 శాతం కూడా రాకపోతే ఆ పేరా పిల్లల స్థాయికి మించింది, 60 దాటితే వాళ్లంతట వాళ్లే చదువుకోగలరు. మధ్యలో ఉన్నది క్లాసులో చెప్పడానికి బాగుంటుంది. మార్కుల కోసం మాత్రం దీన్ని వాడకండి. సరిపోయే వేరే పదం రాసినా తప్పంటే పిల్లలు గొడవ చేస్తారు, అదీ న్యాయమే.

గ్రామర్‌కు వద్దాం. ఆర్టికల్స్ బిట్లు చూడండి. ఏళ్ల తరబడి "యూనివర్సిటీ" ముందు ఏమొస్తుంది, "అవర్" ముందు ఏమొస్తుంది అనే అడుగుతున్నాం. పిల్లలు తప్పు చేసేది అక్కడ కాదు. "హి ఈజ్ టీచర్" అని అసలు ఆర్టికలే వదిలేస్తారు, ఎందుకంటే తెలుగులో ఆ వస్తువే లేదు. ఖాళీ గీత పెట్టామంటే "ఇక్కడ ఒకటి కావాలి" అని మనమే చెప్పేసినట్టు. ఖాళీలు లేకుండా, ఆర్టికల్స్ అన్నీ తీసేసిన ఐదు లైన్ల పేరా ఇచ్చి, అవసరమైన చోట చేర్చమనండి. ఎనిమిది తీసేస్తే ఎనిమిది అరమార్కులు, అనవసరమైన చోట పెట్టిన ప్రతిదానికి అరమార్కు కోత. బిట్లలో ఫుల్ మార్కులొచ్చినవాళ్లు ఇక్కడ సగానికి పడిపోతారు.

"సిన్స్", "ఫర్" గొడవకు మూలం మన "నుంచి". "2020 నుంచి" అన్నా, "ఐదేళ్ల నుంచి" అన్నా మనకు ఒకటే మాట, పైగా క్రియ వర్తమానంలోనే ఉంటుంది. అందుకే "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" పుడుతుంది. ఒక్క ఖాళీ ఇచ్చి "సిన్స్/ఫర్" అంటే సగం సంగతే తెలుస్తుంది, క్రియకు వేరే ఖాళీ ఉండాలి. రిపోర్టెడ్ స్పీచ్‌లోనూ ఇదే తంతు. "రవి వస్తానన్నాడు" అన్నప్పుడు మనం "వస్తాను"ను కదపం. ఇంగ్లీషులో మనిషీ మారాలి, కాలమూ మారాలి. కాబట్టి సర్వనామానికి అరమార్కు, క్రియకు అరమార్కు విడివిడిగా వేస్తే ఎవరికి ఏది రాలేదో కనిపిస్తుంది.

క్రియారూపం ఖాళీల్లో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. "ఐ ... టు హైదరాబాద్" అని ఇచ్చి బ్రాకెట్లో "గో" పెడితే "గో", "వెంట్", "విల్ గో" అన్నీ ఒప్పే. కీలో ఒకటే ఉంటుంది, పిల్లాడు నష్టపోతాడు. సరే కదా అని "ఎస్టర్డే" చేరిస్తే, ఆ మాట కనపడగానే రెండో రూపం రాసేస్తారు, చదవనే చదవరు. మధ్యేమార్గం: కాలం సూచించే మాట ముందు వాక్యంలో పెట్టండి. ఆ వాక్యం చదివి మోసుకొస్తేనే ఈ వాక్యంలో క్రియ కుదరాలి.

తప్పులు దిద్దే ప్రశ్న నాకు బాగా ఇష్టం, సరిగ్గా తయారుచేస్తే. ఎనిమిది లైన్లు, అందులో ఆరింట్లో ఒక్కో తప్పు, రెండు లైన్లు శుభ్రంగా ఉండాలి. కొన్ని లైన్లలో తప్పు లేదని ముందే చెప్పాలి, ఎన్నో చెప్పకూడదు. తప్పు గుర్తిస్తే అర, దిద్దితే అర. మంచి లైనును ఒప్పు అని వదిలేస్తే ఒక మార్కు, కెలికితే సున్నా. తప్పులు మీరు కల్పించొద్దు, పిల్లల కాంపోజిషన్ నోట్సుల్లోంచే ఏరుకోండి: "డిడ్ నాట్ వెంట్", "డిస్కస్డ్ అబౌట్", "షి గో". ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు తప్పు ఆప్షన్లు కూడా అక్కడి నుంచే రావాలి. నిజంగా ఎవరైనా పెట్టే తప్పులు రెండే ఉంటే మూడు ఆప్షన్లతో ఆపేయండి. నాలుగో నంబరు కోసం పెట్టిన చెత్త ఆప్షన్‌ను ఎవరూ ముట్టుకోరు.

సొంతంగా రాయడం చూడాలంటే ఒక పట్టిక ఇవ్వండి: రాణి 5 గంటలకు లేస్తుంది, పాలు పోస్తుంది, బడికి నడిచి వెళ్తుంది, ఇలా ఐదు విషయాలు మాటల్లోనో బొమ్మల్లోనో. ఐదు వాక్యాలు రాయాలి. దిద్దేటప్పుడు క్రియ చివర "ఎస్" ఉందా లేదా, అంతే. మిగతా తప్పులకు ఎర్ర ఇంకు వాడండి గానీ మార్కు కోయకండి. పాసివ్ వాయిస్‌కు కూడా యాక్టివ్ ఇచ్చి మార్చమనడం దండగ, అది లెక్కల్లో పక్షాంతరం లాంటి కసరత్తు. టీ ఎలా తయారవుతుందో ఐదు మెట్లు ఇచ్చి రాయించండి.

అంతా కలిపి 45 నిమిషాల పీరియడ్‌కు 25 మార్కులు: రీడింగ్ 10, గ్రామర్ గుర్తించడం, దిద్దడం 10, పట్టిక నుంచి రాయడం 5. సర్దుబాటు కావాలంటే రీడింగ్‌లోని ఎనిమిదింట్లో లైను నంబరు అడిగే రెండు ప్రశ్నలకు రెండేసి మార్కులు వేసుకోండి.

పరీక్ష అయ్యాక ఒక అరగంట పెట్టండి. 40 పేపర్లను మొత్తం మార్కుల వరుసలో పేర్చి పైన 11, కింద 11 తీయండి, అంటే దాదాపు 27 శాతం చొప్పున. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 9 మంది, కిందివాళ్లలో 3 ఒప్పు రాశారనుకోండి. 12ను 22తో భాగిస్తే 0.55, అది తేలికదనం. తేడా 6ను 11తో భాగిస్తే 0.55, అది వేరుచేసే శక్తి. ఈ రెండోది 0.2 లోపు ఉన్న ప్రశ్నను మార్చాలి. మైనస్ వచ్చిందంటే బాగా చదివేవాళ్లే తప్పు రాస్తున్నారని. ముందు మీ కీ చూసుకోండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది, లేదా రెండు ఆప్షన్లూ ఒప్పే అయి ఉంటాయి.

బాగున్న ప్రశ్నలను ఒక్కోటి ఒక్కో కార్డు మీద ఈ రెండు అంకెలతో రాసి దాచండి. జవాబు పత్రాలు పిల్లలకు ఇచ్చేయండి, ప్రశ్నపత్రాలు మాత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. ఒక్కటి బయటికి పోయినా వచ్చే నెలకు ట్యూషన్లో బట్టీ పట్టించేస్తారు.