మికాసా పేపర్ మోడల్: హల్ మెలి తిరిగితే ఏం చేయాలి

తమ్ముడూ, 1:400 స్కేలులో చేస్తున్న జపాన్ యుద్ధనౌక మికాసా హల్ (ఓడ అడుగు, పక్కలు కలిసిన భాగం) ఆరాక మెలి తిరిగిందని, పక్క షీట్లు అలలు తేలాయని రాశావు. కిట్ తప్పు కాదులే, జిగురుదే. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కాబట్టి కాగితం ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. పైగా తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల ముసురు పడితే గాలి నిండా తేమే.

అసలు ఓడ పొడవు సుమారు 132 మీటర్లు, అంటే నీ మోడల్ 33 సెంటీమీటర్లు. అంత పొడవుకి చార్ట్ కాగితం ఆగదు. లోపలి ఫ్రేములకి 1 మిల్లీమీటరు అట్ట వాడు, పాత పెళ్ళి పత్రికల దళసరి అట్ట భేషుగ్గా పనికొస్తుంది. ముందు జిగురు లేకుండా గాట్లలో పెట్టి చూడు. బిగుతుగా ఉంటే గాటు వెడల్పు చెయ్యి, బలవంతంగా నొక్కావో వంకర అక్కడే మొదలవుతుంది. తర్వాత టైల్ మీద అంటించి, బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్.

పక్క షీట్లకి జిగురు అగ్గిపుల్లతో పలచగా, అంచులకే. కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూడు, సులువుగా వంగినప్పుడు ఆ వంపు గీత వెంబడే నార ఉంటుంది. అది ఓడ పొడవునా ఉండాలి. ప్రింట్ మాత్రం లేజర్‌లోనే తీయించు, ఇంక్‌జెట్ రంగు తడికి కారుతుంది.

మెలిక పడ్డ హల్‌తో కుస్తీ వద్దు, ఆ పేజీలు మళ్ళీ ప్రింట్ తీసుకో. ఫిరంగులు, పొగగొట్టాలు పదిలంగా దాచిపెట్టు. 1905లో రష్యాతో జరిగిన త్సుషిమా నౌకా యుద్ధంలో జపాన్ అడ్మిరల్ టోగో ఎక్కిన ఈ ఓడ జపాన్‌లోని యొకొసుకాలో ఇప్పటికీ ఉంది, దాని ఫొటోలు చూస్తే తాళ్ల అమరిక తేలిగ్గా అర్థమవుతుంది.