మేకప్ వల్ల మనిషి అంతలా మారిపోతారా, లేక అంతా లైటింగ్ మాయేనా?

నా ఓటు లైటుకే. పదిహేనేళ్లు పెళ్లిళ్లు తీశాను. అందులో మొదటి మూడేళ్లు సన్‌గన్ పట్టుకునే కుర్రాణ్ణి. వెయ్యి వాట్ల లైటు మొహాన కొడుతుంటే పీటల మీద జంట కళ్లు చికిలించుకుని చెమటలు కక్కేవాళ్లు. నా చెయ్యి జానెడు కిందికి దిగిందంటే పెళ్లికొడుకు మొహం రాక్షసుడి వేషమే. మనిషి మొహం దేవుడు సగం, లైటు పట్టుకున్నవాడు సగం చేస్తారని అప్పుడే తీర్మానించుకున్నాను.

పాలకొల్లు దగ్గర ఒక పెళ్లి చెప్తాను. తెల్లవారుజాము ముహూర్తం. పెళ్లికూతురి గదిలో ఉన్నది ఒకే ఒక్క పసుపు బల్బు. దాని కిందే బ్యూటీషియన్ రెండు గంటలు కష్టపడింది. ఆ గదిలో అమ్మాయి నిజంగా బాగుంది, ఆ మాట నేనే అన్నాను కూడా. తీరా తెర పట్టి జీలకర్ర బెల్లం పెట్టించే వేళ ఫ్లాష్ కొట్టి చూసుకుంటే నా గుండె జారింది. మొహం బియ్యప్పిండిలో ముంచి తీసినట్టుంది. చెవులదొక రంగు, మెడదొక రంగు. జీలకర్ర బెల్లం పట్టుకున్న చెయ్యి పక్కింటావిడ ఇచ్చి వెళ్లినట్టుంది. భుజం మీంచి తొంగిచూసిన మేనత్తగారు అందరి ముందూ అందుకున్నారు: "ఏవయ్యా, మా పిల్లని దెయ్యంలా దించావేంటి? ఆ కెమెరా మార్చు ముందు!"

కెమెరా ఏం చేసింది పాపం! ఎండ నుంచి కాపాడతామనే ఫౌండేషన్లు చాలావాటిలో టైటానియం డయాక్సైడో, జింక్ ఆక్సైడో ఉంటుంది. రెండూ తెల్లటి పొడులే. మామూలు వెలుతురులో వాటి జోలి తెలీదు. కెమెరా నెత్తినున్న ఫ్లాష్ సూటిగా వెళ్లి తగిలితే మాత్రం ఆ వెలుగంతా తిరిగి లెన్సులోకే వస్తుంది. ఇక బల్బు సంగతి. వెలుగు రంగుని కొలిచే కెల్విన్ లెక్కలో అది 2700, అంటే పసుపు; ఫ్లాష్ 5500 దగ్గర, అంటే పగటి తెలుపు. పసుపు వెలుగులో కలిపిన రంగు తెల్ల వెలుగులో తేలిపోదా మరి!

ఫ్లాష్ తలని పైన కట్టిన తెల్లగుడ్డ వైపు తిప్పేశాను. పక్కన, కాస్త ఎత్తులో, తెల్ల గొడుగు పెట్టి రెండో లైటు వేశాను. తలంబ్రాల వేళకి అమ్మాయి మళ్లీ అమ్మాయిలా వచ్చింది. మొహం మీద అదే పౌడరు, ఒక్క చుక్క తుడవలేదు.

నాకు మండేదేంటంటే, ఈ సంగతి మన ఆడవాళ్లకి తెలియంది కాదు. చీర కొనేటప్పుడు కొట్టు లైట్లని నమ్మరు, "ఒక్కసారి బయట చూసుకొస్తామండీ" అని గుమ్మం దాకా పట్టుకెళ్తారు. అదే మొహం దగ్గరికొచ్చేసరికి లిఫ్టు అద్దంలో చూసుకుని దిగులు పడతారు. నడినెత్తిన లైటుంటే కళ్ల కింద నీడ పడక ఏం చేస్తుంది? సెల్ఫీలో ముక్కు లావుగా ఉందని ఏడ్చేవాళ్లొకరు. మూరెడు దూరంలో ఫోను పెడితే అన్నిటికంటే ముందున్న ముక్కే పెద్దగా పడుతుంది, చెయ్యి చాపండి బాబూ. ఇప్పుడు స్టేజీ వెనక గులాబీ, నీలం లైట్లొకటి. పంతులుగారు కూడా ఊదారంగులో వస్తున్నారు.

"కొంచెం తెల్లగా చెయ్యండి" అనే పెద్దలకైతే దండం. చామనచాయ పిల్లకి పక్కనుంచి మెత్తటి వెలుగు పడితే చెంప మీద ఆ మెరుపే వేరు. దాన్ని చెరిపి సున్నం కొట్టమంటారు. పాత కూచిపూడి వాళ్లు మొహానికి అరదళం అనే పసుపుపచ్చటి పొడి పూసుకుని, దివిటీల మీద గుగ్గిలం చల్లి మంట భగ్గుమనగానే ప్రవేశించేవారు. ఏ వెలుగులో నిలబడాలో దానికి తగ్గ రంగన్నమాట. మన బ్యూటీషియన్లలో ఎంతమంది "స్టేజీ మీద ఏ లైట్లండీ?" అని అడుగుతారు? నన్ను ఇప్పటిదాకా ఇద్దరే అడిగారు.

ఆ మేనత్తగారి సంగతి మర్చిపోయాను. ఆవిణ్ణి కూడా గొడుగు లైటు పక్కన నిలబెట్టి, గడ్డం కింద మడత నీడలోకి పోయేలా ఒకటి తీశాను. ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్తే అది అప్పటికే ఫ్రేము కట్టించి హాల్లో ఉంది. వచ్చిన చుట్టాలతో చెప్తున్నారు: "ఆ రోజు హడావుడిలో నేను పౌడరు కూడా రాసుకోలేదు తెలుసా!"