కారు బాడీకి ప్లగ్ కట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతో పంపిన బొమ్మలూ చూశాను. గీతలు బాగున్నాయి. ఇంట్లోనే నిండు సైజు ప్లగ్, అంటే కారు బాడీ నమూనా, కట్టి దాని మీద ఫైబర్‌గ్లాస్ మోల్డులు, అంటే బాడీ పోసే అచ్చులు, తీయడం ఓపికున్నవాడికి అయ్యే పనే. అయితే ఫోమ్ కోయకముందే ఒక్క మాట చెవిన వేసుకో. నువ్వు కడుతున్నది కారు కాదు, మోల్డుకి లోపలి రూపం. దాని తలుపులు తెరుచుకోనక్కర్లేదు, అది తేలిగ్గా ఉండనక్కర్లేదు. పైతలం సాఫీగా ఉండాలి, మోల్డు దాని మీంచి చీలకుండా ఊడిరావాలి. ఏ పని దగ్గరైనా ఈ రెండే చూసుకో.

మొట్టమొదట కారు ముందు అద్దం కొను. ముందు అద్దాన్ని కొత్తగా పోయించుకోవడం ఇంటి పనివాడి వల్ల కాదు, కాబట్టి మార్కెట్లో దొరికే ఏదో ఒక కారు అద్దాన్ని ఎంచుకుని, దాని వంపుకి తగ్గట్టు ప్లగ్ కట్టాలి. ప్లగ్ కట్టాక అద్దం వెతికితే ఏదీ కూర్చోదు. అద్దం ఆనే గాడి 20 నుంచి 25 మి.మీ. వెడల్పు ఉండాలి. లోతు అద్దం మందానికి జిగురు కోసం మరో 3 మి.మీ. కలుపుకుని పెట్టు. లైట్లు కూడా ముందే చేతిలో ఉండాలి. చక్రాలను చాసిస్‌కి బిగించి, సస్పెన్షన్ పూర్తిగా పైకి నొక్కి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి, టైరు చుట్టూ 25 మి.మీ. ఖాళీ మిగులుతుందో లేదో చూసుకో.

నేల మీద నమ్మకం పెట్టుకోవద్దు. చెక్కతోనో ఇనుప గొట్టంతోనో బేస్ ఫ్రేమ్ చేసి, రసమట్టం పెట్టి నాలుగు మూలలూ సమం చెయ్యి. మధ్యగీత మీద సన్నని తీగ బిగించు. ఇకనుంచి ప్రతి కొలతా ఆ తీగ నుంచీ, ఫ్రేమ్ పైతలం నుంచీ మాత్రమే. ఒక పక్క కొలిచి ఆ అంకెను రెండో పక్కకి ఎక్కిస్తూ పోతే తప్పు తప్పు మీద పేరుకుంటుంది.

అడ్డకోత పలకలు, అంటే కారుని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారంలోవి, 12 మి.మీ. ప్లైవుడ్‌తో, 200 నుంచి 250 మి.మీ. దూరంలో చాలు. వంపు తిరిగే ముక్కు దగ్గర ఇంకా దగ్గరగా పెట్టు. ఆకారం గీత మీద రంపం నడిపాక లోపలి ముక్క పలకగా పనికొస్తుంది, బయట మిగిలిన ముక్కను పారేయకు. అదే నీ కొలబద్ద. తరవాత ఫోమ్ చెక్కేటప్పుడు దాన్ని బయటినుంచి ఆనించి చూస్తే ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో తెలిసిపోతుంది. సగం కారుకి ఒకే కొలబద్ద చేసి, తిరగేసి రెండో పక్కన వాడితే రెండు వైపులూ ఒకేలా వస్తాయి. లోపలి పలకను మాత్రం గీత కంటే 15 మి.మీ. లోపలికి తగ్గించి కొయ్యి. కారణం చెబుతాను. ప్లైవుడ్ గట్టిది, ఫోమ్ మెత్తది. రెండూ ఒకే మట్టంలో ఉంటే గరుకు కాగితం ఫోమ్‌ని తినేస్తుంది, చెక్కని తినదు. పైగా చెక్క తేమకి ఉబ్బుతుంది. ఎంత పుట్టీ పూసినా, రంగు వేసి వెలుతురులో చూస్తే బక్క ఎద్దు పక్కటెముకల్లా పలకలన్నీ వరసగా పైకి తేలతాయి.

ఫోమ్ అంటే పాలియురేతేన్ ఫోమే. థర్మోకోల్ వాడితే గాజునారని తడిపే పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం దాన్ని కరిగించి గుంట చేసేస్తుంది. పలకల మధ్య దిమ్మలు అంటించి, రంపంతో, తరవాత 40 నంబరు కాగితం అంటించిన చెక్కతో చెక్కు. చివరి గీత కంటే 4 మి.మీ. కిందకి దించి ఆపు. దాని మీద చదరపు మీటరుకి 450 గ్రాములుండే గాజునార మ్యాట్‌ని రెజిన్‌తో తడిపి రెండు పొరలు వేస్తే సుమారు 2 మి.మీ. గట్టి తొడుగు వస్తుంది, మిగతాది పుట్టీకి చోటు. పుట్టీని పలచగా, రెండు మూడు సార్లుగా పూయి. మందంగా ఒకేసారి పూస్తే కుంచించుకుపోయి చీలుతుంది, లోపల బుడగలు మిగులుతాయి. పుట్టీని గట్టిపరిచే హార్డెనర్ పుట్టీ బరువుకి 2 శాతం.

ఇక అసలు కాలమంతా పోయేది ఇక్కడే. అరచేతిలో పట్టే చిన్న దిమ్మతో పెద్ద తలాల్ని రుద్దకు, అది పల్లాల్లోకి దిగి వాటినే పాలిష్ చేస్తుంది. 600 నుంచి 900 మి.మీ. పొడవున్న, కొంచెం వంగే బద్ద తీసుకుని దానికి కాగితం అంటించు. ఐమూలగా ఒకసారి ఇటు, ఒకసారి అటు రుద్దు. రుద్దే ముందు నల్ల స్ప్రే రంగుని దూరం నుంచి పొగలా చల్లు. నాలుగు సార్లు బద్ద నడిపాక నలుపు పోయిన చోటు మిట్ట, నలుపు మిగిలిన చోటు పల్లం. పల్లం పూడ్చాలి గానీ, నలుపు పోయేదాకా అక్కడే వేలితో రుద్దకూడదు. కళ్లు మూసుకుని, సన్నని నూలు చేతితొడుగు వేసుకుని అరచెయ్యి నడిపితే కంటికి అందని అల కూడా తగులుతుంది.

తర్వాత దీపం పరీక్ష. పైతలం మీద నీళ్లు చల్లి, ట్యూబ్‌లైటు వెలుగు దాని మీద పడేలా పెట్టి, నువ్వు మెల్లగా నడువు. ఆ తెల్లని గీత ఆగకుండా జారాలి. ఎక్కడైనా మెలిక పడితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకో. బానెట్, పైకప్పు లాంటి వాటిని చదునుగా చేయకు. నిజంగా చదునైన తలం కంటికి గుంటలా కనిపిస్తుంది, పైగా పలచటి ఫైబర్ చదునుగా ఉంటే నొక్కగానే టక్కుమంటుంది. మీటరు వెడల్పుకి మధ్యలో 10 మి.మీ. అయినా ఉబ్బు ఉంచు.

మోల్డు ఊడే దారి ఇప్పుడే చూడాలి. ప్రతి నిలువు ముఖానికీ కనీసం 3 డిగ్రీల వాలు, ప్రతి అంచుకీ కనీసం 3 మి.మీ. వ్యాసార్ధం ఉండాలి. పదునైన మూలలో మ్యాట్ వంగదు, జెల్‌కోట్ (మోల్డుకి ముందుగా పూసే రంగు రెజిన్ పూత) వెనక గాలి చిక్కుతుంది, అక్కడే పెంకు ఊడుతుంది. చక్రం చుట్టూ లోపలికి మడిచే అంచూ, తలుపు కింద లోపలికి తిరిగే భాగమూ మోల్డుని కొక్కెంలా పట్టేస్తాయి. వాటికి విడి ముక్కలు కావాలి. మామూలు రెండు సీట్ల కారుకి ముక్కు, తోక, రెండు పక్కలు, పైకప్పు అని అయిదు ముక్కలకి తక్కువ వేసుకోకు. అతుకు గీతని కనబడని చోట పెట్టు.

రంగు రెండు భాగాలు కలిపేదే వాడు. ఆరితే చాలనే మామూలు లక్కర్ రంగుని స్టైరీన్ ముడతలు పెట్టేస్తుంది. 240, 400, 600, 1000 కాగితాలు వరసగా నీళ్లతో నడిపి, రంగు వారం రోజులు ఆరాక మోల్డు వ్యాక్స్ ఆరు పూతలు, పూతకీ పూతకీ గంట విరామం ఇచ్చి పెట్టు. సిలికాన్ ఉన్న కారు పాలిష్ దగ్గరికి రానివ్వకు. వ్యాక్స్ మీద పి.వి.ఎ. విడుదల పొర, అంటే మోల్డు అంటుకోకుండా ఆపే, నీళ్లలో కరిగే పొర, పలచగా స్ప్రే చెయ్యి. మొదటి మోల్డుకి అది వద్దనుకోవడం దుస్సాహసం.

అతుకు గీత దగ్గర వ్యాక్స్ పట్టిన పలకని 75 నుంచి 100 మి.మీ. వెడల్పుతో గోడలా నిలబెట్టి, సందుని ప్లాస్టిసిన్ అనే మెత్తని మన్నుతో మూసెయ్యి. మోల్డు జెల్‌కోట్ ప్లగ్ రంగు కాని రంగులో తీసుకుంటే పలచబడిన చోటు కనిపిస్తుంది. రెండు పూతలు కలిసి 0.6 నుంచి 0.8 మి.మీ., అంటే చదరపు మీటరుకి సుమారు 800 గ్రాములు. వేలు పెడితే జిగురుగా తగలాలి, వేలికి అంటకూడదు. అప్పుడే మ్యాట్. అంతకంటే ముందు వేసినా, పూత పలచగా ఉన్నా స్టైరీన్ వెనకనుంచి తిని, మొసలి చర్మంలా ముడతలు లేస్తాయి. అలా లేచిన ముక్కని తీసేసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప మందు లేదు.

మొదటిరోజు 300 గ్రాముల మ్యాట్ ఒక్కటే, ఒక్క బుడగ మిగలకుండా రోలర్‌తో నొక్కు. తరవాత రోజుకి రెండు చొప్పున 450 గ్రాముల పొరలు ఆరు. ఒక్కరోజులో అన్నీ వేస్తే వేడెక్కి మోల్డు మెలితిరుగుతుంది. ఫ్లాంజిలతో, అంటే ఆ గోడకి ఆని ఏర్పడే అతుకు అంచులతో, కలిపి 10 చదరపు మీటర్లు ఉంటే మ్యాట్ 30 కిలోలు, రెజిన్ దాదాపు 70 కిలోలు పడుతుంది. కిలో రెజిన్‌కి 10 నుంచి 20 గ్రాముల ఎం.ఇ.కె.పి. (రెజిన్‌ని గట్టిపరిచే ద్రవం), ఒకసారికి కిలోన్నర మించి కలపకు. షెడ్డు 18 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి.

ఇది మాత్రం రెండుసార్లు చదువుకో. గట్టిపడే వేగం పెంచే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ ఎం.ఇ.కె.పి.నీ నేరుగా కలిపితే పేలుతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది. ఎం.ఇ.కె.పి. చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. రక్షణ కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయకు, పడిందంటే వెంటనే కనీసం పావుగంట నీళ్లతో కడుగుతూ ఆస్పత్రికి బయలుదేరు. ఆవిర్లకి ఆర్గానిక్ వేపర్ మాస్కు, అంటే ద్రావకాల ఆవిరిని ఆపే మాస్కు, కావాలి, గుడ్డ పనికిరాదు. మిగిలిన రెజిన్ డబ్బా గడ్డకట్టేటప్పుడు పొగలు కక్కుతుంది, ఆరుబయట పెట్టు.

రెండో ముక్క వేసే ముందు పలక తీసేసి, ఫ్లాంజికి వ్యాక్స్ పట్టించి, దాని మీదే రెండోది వెయ్యి. అన్ని ముక్కలూ ప్లగ్ మీద ఉండగానే ఫ్లాంజిల్లో 150 నుంచి 200 మి.మీ. దూరానికి 8 మి.మీ. బోల్టు రంధ్రాలు వేసెయ్యి. ఊడదీశాక వేస్తే అతుకులు కలవవు. వెనక గట్టి ఫ్రేము మోల్డు పూర్తిగా గట్టిపడ్డాకే అంటించు, మధ్యలో ఫోమ్ పట్టీ పెట్టి. లేకపోతే ఫ్రేము గీత ముందుకి తేలుతుంది.

కనీసం వారం, వీలైతే రెండు వారాలు మోల్డుని ప్లగ్ మీదే ఉంచు. ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ తీయకు. ఏటవాలుగా చెక్కిన చెక్క ముక్కలు చుట్టూ కొద్దికొద్దిగా దించుతూ, సందులోకి గోరువెచ్చని నీళ్లు పోస్తే పి.వి.ఎ. కరిగి దారి ఇస్తుంది. మొదటి బాడీ తీసి చాసిస్ మీద పెట్టి, అద్దం కూర్చోబెట్టి చూసేదాకా ప్లగ్‌ని విరగ్గొట్టకు. మోల్డులో ఏ మూల పగిలినా ఆ ముక్కని మళ్లీ పోయడానికి నీ దగ్గరుండేది అదొక్కటే.