రోగ్ వన్ నిలబడింది, సోలో తడబడింది: ఆ తేడా దర్శకుల మార్పులో లేదు

మీరు అడిగింది ఇది: హాలీవుడ్ స్టార్ వార్స్ సిరీస్‌కు ప్రధాన కథ పక్కన విడిగా తీసిన స్పిన్ఆఫ్ సినిమాల్లో రోగ్ వన్‌ను అందరూ నెత్తిన పెట్టుకుంటే సోలో ఎందుకు దెబ్బతింది? నడుమ దర్శకుల్ని మార్చడమే కారణమని గుంటూరులో మీ మిత్రులు గట్టిగా వాదిస్తున్నారని కూడా రాశారు.

నేను ఒప్పుకోను. దర్శకుణ్ని పక్కకు జరపడమే సినిమాను ముంచేదైతే ముందు మునగవలసింది రోగ్ వన్. తెర మీద దర్శకుడిగా గారెత్ ఎడ్వర్డ్స్ పేరే ఉంటుంది. కానీ 2016లో, విడుదలకు కొద్ది నెలల ముందు పెద్ద ఎత్తున రీషూట్లు పెట్టారు. వాటి కోసం రచయిత, దర్శకుడు టోనీ గిల్‌రాయ్‌ను పిలిపించారు. క్రిస్ వైట్జ్‌తో పాటు స్క్రీన్‌ప్లేలో ఆయన పేరూ కనిపిస్తుంది. పతాక ఘట్టం ఎంతగా మారిపోయిందో తెలియాలంటే మొదటి ట్రైలర్లు మళ్లీ చూడండి. నాయిక జిన్, ఆమెతో ఉన్న తిరుగుబాటు గూఢచారి కాసియన్, గ్రహాన్నే పేల్చేయగల శత్రువుల ఆయుధం డెత్ స్టార్ ప్లాన్లు చేతపట్టుకుని సముద్రపు ఒడ్డున పరుగెత్తే దృశ్యం వాటిలో ఉంది, సినిమాలో లేదు. సంగీత దర్శకుడు కూడా మారాడు. అలెగ్జాండర్ డెస్‌ప్లా తప్పుకుంటే మైకేల్ జియాకినో నాలుగున్నర వారాల్లో సంగీతం పూర్తి చేశాడు. ఇంత గందరగోళంలోంచి వచ్చిన సినిమా ప్రపంచవ్యాప్తంగా వంద కోట్ల డాలర్లు దాటింది.

పాత సినిమాల్లోని దొంగరవాణాదారుడు హాన్ సోలో యవ్వనం చెప్పే సోలో సంగతి మీకు తెలిసిందే. ఫిల్ లార్డ్, క్రిస్టఫర్ మిల్లర్‌లను 2017 జూన్‌లో, చిత్రీకరణ చాలావరకు అయ్యాక తప్పించి రాన్ హోవార్డ్‌కు అప్పగించారు. ఆయన చాలా భాగం మళ్లీ తీశాడు. వసూళ్లు 39 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయాయి. స్టార్ వార్స్ అన్న పేరుకు అది నష్టమే.

అంటే రెండు సినిమాలకూ వచ్చిన జబ్బు దాదాపు ఒకటే, ఫలితాలు మాత్రం వేరు. కాబట్టి కారణం ఇంకోచోట వెతకాలి. నాకు అది మా బాబాయి దగ్గర దొరికింది.

బాబాయి విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రీలు పెట్టెలు ఊరూరికీ పంపించే రోజుల నుంచీ ఆయనకు సినిమా వ్యాపారం తెలుసు. కృష్ణా, గుంటూరు ఏరియాల్లో ఏ సినిమా ఎన్ని వారాలు ఆడిందో ఇప్పటికీ నోటికి చెబుతారు. స్టార్ వార్స్ మాత్రం ఒక్కటీ చూడలేదు. ఒక ఆదివారం మా ఇంట్లో టీవీలో రోగ్ వన్ పెట్టాను. ముందు కథ ఏమీ చెప్పలేదు. కింద వచ్చే ఇంగ్లిషు అక్షరాలు చదువుకుంటూ కూర్చున్నారు. మొదటి అరగంట కాస్త అసహనంగానే ఉన్నారు. ఒక గ్రహం పేరు పడుతుంది, అది బుర్రకెక్కేలోపు ఇంకో గ్రహం. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. ఆ భాగం ఇప్పటికీ నాకు అతుకులుగానే కనిపిస్తుంది.

ప్లాన్ల కోసం స్కారిఫ్ అనే గ్రహం మీద యుద్ధం మొదలయ్యాక ఆయన కదల్లేదు. చివర్లో చీకటి నడవాలో ప్రతినాయకుడు డార్త్ వేడర్ కత్తి వెలుగుతుంది. వెనక తలుపు సగం తెరుచుకుని ఇరుక్కుపోయింది. తప్పించుకోలేనని తెలిసిన సైనికుడు ఆ సందులోంచి ప్లాన్లున్న చిన్న పలకను అవతలి చేతికి అందిస్తాడు. బాబాయి కుర్చీలో ముందుకు వంగి, "అందరూ పోయారు కదా అమ్మాయ్, మరి అది చేరవలసిన వాళ్లకు చేరినట్టా, లేనట్టా?" అన్నారు. చేరిందో లేదో 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమాలో ఉందని చెప్పాను. అది కూడా అప్పుడే పెట్టమన్నారు.

జార్జ్ లూకాస్ తీసిన ఆ మొదటి సినిమా ప్రారంభంలో తెర మీద పైకి పాకే అక్షరాల్లో, తిరుగుబాటు గూఢచారులు డెత్ స్టార్ రహస్య ప్లాన్లు దొంగిలించారని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ గూఢచారులెవరో, ఏమయ్యారో దాదాపు నలభై ఏళ్లపాటు ఏ సినిమా చెప్పలేదు. ఆ వాక్యంలో సినిమా ఉందని కనిపెట్టింది దర్శకుడు కాదు, విజువల్ ఎఫెక్ట్స్ నిపుణుడు జాన్ నోల్. స్పిన్ఆఫ్ అంటే నా దృష్టిలో అదీ. పాత సినిమా దాటుకుంటూ పోయిన మనుషుల దగ్గర ఆగి, వాళ్ల కథ మొదలుపెట్టి, అక్కడే ముగించాలి. జిన్ ఎర్సో ఎవరో ముందు తెలియనవసరం లేదు. సినిమా అయ్యేసరికి ఆమె కథ పూర్తవుతుంది. పాత సినిమాలన్నీ చూసినవాళ్లకు ఇంకో లాభం ఉంది. అంత పెద్ద డెత్ స్టార్‌లో ఒక్క దెబ్బకు పేలిపోయే చోటు ఎలా మిగిలిందన్న పాత సందేహానికి, జిన్ తండ్రి గేలెన్ కావాలనే ఆ లోపం పెట్టాడన్న జవాబు దొరుకుతుంది.

తర్వాత బాబాయికి సోలో చూపించాను. అప్పటికే 1977 సినిమాతో మొదలైన పాత మూడు సినిమాలు చూసేశారు కాబట్టి హాన్ సోలో ఆయనకు బాగా తెలుసు. రైలు దోపిడీ నచ్చింది. డోనల్డ్ గ్లోవర్ వేసిన జూదరి లాండో పాత్ర ఇంకా నచ్చింది. కానీ సగంలో ఒక మాటన్నారు: "ఇతను ఎలాగూ బతుకుతాడు, ఆ అంతరిక్ష ఓడ ఎలాగూ ఇతనికే వస్తుంది, ఇక దేనికి కంగారు పడాలి?" సరిగ్గా అదే ఆ సినిమా ఇబ్బంది. హాన్‌కు ఆ ఇంటిపేరు ఎలా వచ్చింది, అతని సహచరుడు చ్యూబకా ఎక్కడ కలిశాడు, పేకాటలో ఓడ ఎలా గెలిచాడు, పాత సినిమాలో గొప్పగా చెప్పుకున్న కెసెల్ రన్ అనే దొంగరవాణా ప్రయాణం ఎలా పూర్తి చేశాడు అని మనం అడగని ప్రశ్నలకు వరసగా జవాబులు చెబుతుంది. ఒంటరివాడని చెబితే సైన్యంలో చేర్చుకునే అధికారి అప్పటికప్పుడు 'సోలో' అని రాసుకునే దృశ్యం గుర్తుందా? ఆ పేరు వెనక అంతవరకూ ఉన్న గాంభీర్యం కాస్తా అక్కడ తగ్గిపోయింది. లార్డ్, మిల్లర్‌లే చివరిదాకా తీసి ఉన్నా ఈ జాబితా మారేది కాదు, ఎందుకంటే అది లారెన్స్ కాస్డన్, ఆయన కొడుకు జోనథన్ రాసిన స్క్రిప్టులోనిదే. హోవార్డ్‌ను తిట్టేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. కూలిపోతున్న ఇంటికి వచ్చి కప్పు నిలబెట్టి ఇచ్చిన మనిషి ఆయన.

మీ మిత్రులు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు: ఆండోర్ సిరీస్ రోగ్ వన్‌కు ముందు కాసియన్ కథ, అతను చివరికి చనిపోతాడని రోగ్ వన్ చూసినవాళ్లందరికీ తెలుసు కదా, అయినా అది ఎలా పండింది? 2022లో పన్నెండు, 2025లో పన్నెండు భాగాలుగా వచ్చిన ఆ సిరీస్ నడిపించింది రోగ్ వన్‌ను చక్కదిద్దిన టోనీ గిల్‌రాయే. అందులో ప్రశ్న కాసియన్ బతుకుతాడా లేదా అన్నది కాదు. ఎవరి గొడవా పట్టని దొంగ ప్రాణమిచ్చే మనిషిగా ఎలా మారాడన్నది. ఆ ప్రయాణం మనకు తెలియదు, తెలుసుకోవాలనిపిస్తుంది. హాన్ విషయంలో అలాంటి ప్రయాణం 1977 సినిమాలోనే అయిపోయింది. డబ్బు తీసుకుని వెళ్లిపోయినవాడు చివరి యుద్ధానికి వెనక్కి వస్తాడు. సోలో ఆ మార్పుకు ముందు కాలానికి వెళ్లి, అప్పుడు కూడా అతను లోపల మంచివాడేనని చూపిస్తుంది. దాంతో పాత సినిమాలోని మార్పు కూడా పలచబడుతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

దర్శకుడి విలువ తక్కువని నేను అనడం లేదు. చాలామంది అభిమానులు ఈ సిరీస్‌లో ఉత్తమమని చెప్పే 1980 నాటి ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్‌కు దర్శకుడు లూకాస్ కాదు, ఇర్విన్ కెర్ష్‌నర్. మనుషుల మధ్య చిన్న చిన్న కథలు తీసిన అనుభవం ఆయనది. అందుకే అందులో ముఖాలు అంతసేపు తెర మీద నిలుస్తాయి. కానీ కథ అడిగినదాన్నే దర్శకుడు ఇవ్వగలడు. 2015 నుంచి వచ్చిన మూడు ప్రధాన చిత్రాల్లో వాటి దర్శకులు జె. జె. అబ్రమ్స్, రయన్ జాన్సన్‌లలో ఎవరిది తప్పన్న గొడవలోకి నేను పోను. మూడింటికీ కలిపి ముందే ఒక కథ అనుకోలేదు, అంతే.

విడుదల సమయం కూడా సోలోకు కలిసిరాలేదు. ఆ మూడింటిలో రెండోది, ది లాస్ట్ జెడై, 2017 డిసెంబరులో వచ్చి అభిమానుల్ని రెండుగా చీల్చింది. అయిదు నెలలకే, 2018 మే 25న, సోలో దిగింది. సూపర్‌హీరో సినిమాలైన ఇన్ఫినిటీ వార్ అప్పటికి నెల క్రితమే వచ్చి ఇంకా ఆడుతోంది, డెడ్‌పూల్ 2 వారం క్రితమే వచ్చింది. ఆ తేదీలు చెప్పగానే బాబాయి, ఏ ఏరియా బయ్యరూ అలాంటి తేదీకి ఒప్పుకునేవాడు కాదన్నారు. ఆ నష్టం తర్వాత పాత సినిమాల్లోని బోబా ఫెట్ పాత్ర మీద దర్శకుడు జేమ్స్ మాంగోల్డ్ తీయాలనుకున్న సినిమా ఆగిపోయింది. వాటిలోని మరో పాత్ర ఒబీ-వాన్ కథ సినిమాగా కాక 2022లో సిరీస్‌గా వచ్చింది.

మీ బృందంలో ఇంకా ఏదీ చూడనివాళ్లు ఉంటే వాళ్లకు రోగ్ వన్, వెంటనే 1977 సినిమా అదే రోజు చూపించండి. సోలోను పాత మూడు సినిమాల తర్వాత పెట్టండి. అప్పుడు లాండో కోసమైనా సంతోషంగా చూస్తారు.